తొక్కకూడని గడి

మా ముత్తాతగారు విశాఖ జిల్లాలో ఒక చిన్న సంస్థానానికి దివానుగా చేశారు. ఆయన పల్లకీ దిగుతుంటే కచేరీలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవారట. మా తాతగారు కరణీకం చేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో గట్టు తగాదా ఏదైనా ఆయన మాటతో ముగిసేది. మా నాన్నగారు దాయాదుల మీద వ్యాజ్యాలు వేశారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు, చివరకు రెండింటికీ తేడా లేకుండా ఉన్నదంతా పోయింది. నేను ఆయనకు ఒక్కతే సంతానం. ఆ వంశానికి ఇవాళ మిగిలిన మనిషిని నేనే. గొప్పకు చెప్పడం లేదు. ఎవరింటి మనిషినో చెప్పకుండా మాట మొదలుపెట్టడం మా ఇంట్లో మర్యాద కాదు.

మా ఇంట్లో ఆడపిల్లలకు కూడా అక్షరాభ్యాసం చేసేవారు. అందుకని ఒక వెండి పళ్ళెం ఉండేది. సంస్థానం వారు ముత్తాతగారికి బహూకరించినది. అంచు చుట్టూ హంసల వరుస చెక్కి ఉండేది. అందులో బియ్యం పోసి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ఓనమాలు దిద్దించేవారు. తాతగారు, నాన్నగారు, నేను, అందరం ఆ బియ్యంలోనే మొదటి అక్షరం రాశాం. ఇల్లు పోయింది, పొలం పోయింది, మా అమ్మ ఒంటి మీద బంగారం పోయింది. పళ్ళెం మాత్రం ఆమె పాత చీరల మడతల్లో దాచి నా చేతికిచ్చింది.

మావారికి కూడా ఊళ్ళో నిలబడే దారి లేకపోయింది. ఇద్దరం మద్రాసులో కూలీలను ఓడ ఎక్కించే డిపోకు వెళ్ళి గిర్మిట్ కట్టాం. ఫిజీ దీవుల్లో ఐదేళ్ళ కూలి ఒప్పందాన్ని అందరూ ఆ మాటతోనే పిలిచేవారు. వరసలో నా ముందువాళ్ళూ వెనకవాళ్ళూ వేలిముద్ర వేశారు. నేను సంతకం చేశాను. గుమాస్తా తలెత్తి చూశాడు. మాతోపాటు మా చంటివాడు కూడా ఓడ ఎక్కాడు. దారిలో వాడికి జ్వరం వచ్చింది. వాడు ఫిజీ చూడలేదు. వాడి కోసం తెచ్చిన పళ్ళెం ఒడ్డుకు చేరింది.

మమ్మల్ని లబాసా వైపు చెరకు తోటలకు పంపారు. కూలీలు ఉండేవి లైన్లు. పొడవాటి చెక్క కొట్టాన్ని గదులుగా విడగొట్టారు. మధ్య గోడలు కప్పు దాకా ఉండేవి కావు. ఒక గదిలో తుమ్మితే నాలుగో గదిలో చిరంజీవ అనేవారు. మా పక్క గదిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ఆమె ఉండేది. మొగుడు నాగలి పనికి పోయేవాడు, ఆమె నాతోపాటు కలుపు తీసేది. మా ఓడలోనే వచ్చింది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు జహాజీలు, తోబుట్టువుల కింద లెక్క. నేను ఆ లెక్కలో చేరలేదు. ఆమె నన్ను అమ్మగోరూ అనేది, నేను ఆమెను ఏమే అనేదాన్ని. మిగతావాళ్ళు నా వెనక నన్ను దివాణం అనేవారు. నాకు వినపడాలనే కాస్త గట్టిగా అనేవారు.

ఆమెకు లైన్లలోనే కూతురు పుట్టింది. ఆ పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం ఆమె పిల్లను చంకనేసుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది.

"అమ్మగోరూ, మా గుంటకి అచ్చరాలు సెప్పండి."

"ఎందుకే?"

"డిపోలో నా ఏలట్టుకుని సిరాలో ముంచినాడు. కాయితంలో ఏటుంది బాబూ అంటే, రెండ్రోజుల దారమ్మా, నీడ పట్టున పని అని సదివినాడు. ఓడ ఎంతకీ ఆగనేదు. నీడెక్కడుందో మీకూ తెలుసు." ఆమె పిల్లను కిందికి దింపింది. "మా గుంటకి మాత్రం ఇంకొకలు సదివి సెప్పకూడదు. ఈ కోత అయిపోతే మా గిర్మిట్ అయిపోద్ది. మా ఆయన బులిలేకాలో బూమి సూసుకున్నాడు. అక్కడ అచ్చరమొచ్చినోలు ఎవలూ నేరట."

మా గిర్మిట్ కూడా అప్పుడే తీరుతుంది, కాని మావారికి చక్కెర మిల్లులో పని కుదిరింది కాబట్టి మేం లబాసాలోనే ఉండిపోవాలి. బులిలేకా రోజూ పోయి వచ్చేంత దగ్గర కాదు. కోత అయ్యేలోపల ఎంత చెప్పగలిగితే అంత. నేను వెంటనే సరే అనలేదు. చూస్తానన్నాను. పెట్టెలో పళ్ళెం ఎవరికోసమూ కాకుండా పడి ఉందన్న సంగతి ఆ వారమంతా నా మనసులోంచి పోలేదు. తరవాతి ఆదివారం తీసి చింతపండుతో తోమాను.

బియ్యం పోశాను. ఆమె రేషన్ బియ్యం వంక, హంసల వంక మార్చి మార్చి చూసింది.

"అమ్మగోరూ, ఈ బియ్యం మల్లా వొండుకోవచ్చునా?"

"నోరు మూసుకుని కూర్చో."

పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టుకున్నాను. మా తాతగారు చెప్పినట్టే స్పష్టంగా, నెమ్మదిగా చెప్పాను. సగం అక్షరం రాసేసరికి వేలు బరువెక్కింది. చూస్తే పిల్ల నిద్రపోయింది. వాళ్ళమ్మ కూడా గోడకు ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోయింది. వారమంతా తెల్లవారకముందే లేచిన మనిషి. నేను లేపలేదు. ఒళ్ళో పిల్లతో, ముందు సగం అక్షరంతో ఎండ వాలేదాకా అలాగే కూర్చున్నాను. నా కాలు తిమ్మిరెక్కింది. చాలాకాలానికి నా ఒళ్ళో ఒక బరువు ఉంది.

మరి రెండు మూడు ఆదివారాలు అదే తంతు. పిల్లకు మెలకువ ఉంటే మనసు బయట ఉండేది. లైన్ల వెనక సీమపనస చెట్టు కింద పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడేవారు. నేల మీద పుల్లతో గళ్ళు గీసి, దొరగారి బంగళా నుంచి విసిరేసిన పింగాణీ పెంకును బిళ్ళ చేసుకుని, ఒంటికాలి మీద గెంతేవారు. కేకలు మా గదిలోకి వినపడేవి. పిల్ల కాళ్ళు నా ఒళ్ళోనే గెంతేవి.

"అచ్చరం కూడా అక్కడే ఎట్టేద్దామా అమ్మగోరూ?" అంది వాళ్ళమ్మ నవ్వుతూ.

"అక్షరాన్ని కాళ్ళ కింద పెడతావా? సరస్వతి కాదూ?"

ఆమె నవ్వు ఆగిపోయింది. లెంపలు వేసుకుంది. మా ఇంట్లో కాగితం ముక్క కాలికి తగిలినా తీసి కళ్ళకద్దుకునేవాళ్ళం. వాళ్ళింట్లో కాగితమే లేకపోయినా ఆ భయం మాత్రం నాకెంతో ఆమెకూ అంతే.

ఆ సాయంత్రం నీళ్ళ బిందెతో వస్తూ చెట్టు దగ్గర ఆగాను. పిల్ల బిళ్ళ విసిరింది. బిళ్ళ పడ్డ గడిని దాటి అవతలి గడిలోకి గెంతింది. బిళ్ళ ఉన్న గడిలో కాలు పెట్టకూడదు, పెడితే ఆట పోతుంది. ఆ సంగతి నాకూ చిన్నప్పటి నుంచీ తెలుసు. అలా ఎంతసేపు చూశానో, బిందె పక్కకు వాలి నీళ్ళు చీర మీద ఒలికాయి. బిళ్ళ ఉన్న గడిలో అక్షరం ఉంటే? దాన్ని ఎవరూ తొక్కరు. తొక్కకుండా దాటడమే ఆట అవుతుంది.

బిందె దించి పొయ్యిలోంచి బూడిద తెచ్చాను. ముగ్గు పోసినట్టు రెండు వేళ్ళతో గడిలో అ వేశాను. పిల్లలు చుట్టూ మూగారు. షరతులు నేనే పెట్టాను. బిళ్ళ అక్షరం ఉన్న గడిలో వేయాలి. దాని పేరు చెప్పి, ఆ అక్షరంతో ఒక మాట చెప్పి దాటాలి. కాలు తగిలితే వంగి, ఆ బూడిదను తాకిన చెయ్యి కళ్ళకద్దుకుని, మళ్ళీ పేరు చెప్పి పక్కకు తప్పుకోవాలి.

నేను పొద్దున్నే పనికి పోయేదాన్ని. మధ్యాహ్నమంతా పిల్లల్ని చూసుకునే ముసలామెకు కళ్ళు ఆనవు. కనుక ఆట నిలవాలంటే తల్లులకు రావాలి. తల్లులు పని ముగించుకుని వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికేలోపల కాళ్ళు చాపుకుని కూర్చునే సమయం ఒకటుంది. నాకు కావలసింది ఆ సమయం. మొదట పక్క గదామె చీర బిగించి గెంతింది. తరవాత ఇంకొకామె వచ్చింది. ఎదురు గదిలో నోరున్న మనిషి ఒకామె ఉండేది, ఆమె గుమ్మంలో కూర్చుని వ్యాఖ్యానం చేసేది.

"ఒలమ్మ! పొద్దంతా కలుపు తీసి నడుం ఇరిగిందన్నావు, ఇప్పుడు కోడిపెట్టలా గెంతుతన్నావేటే?"

"నువ్వూ రాయే. నీ పిల్లడు అ దాటీసినాడు, నువ్వింకా గుమ్మమే దాటనేదు."

"దివాణం గోరు గెంతితే నేనూ గెంతుతాను."

అందరూ నా వంక చూశారు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. మా వంశంలో ఆడవాళ్ళు వీధిలో గెంతరు. అదే చెప్పబోయి ఒక అడుగు వెనక్కి వేశాను. పక్క గదామె కూతురు కెవ్వుమంది.

"అవుటు! అమ్మగోరు అవుటు!"

నా మడమ కింద బూడిద. ఆనాటి అక్షరం ఆ. అందరి చూపూ నా మడమ మీదే. నేను ఎవరికీ తల వంచే మనిషిని కాను. డిపోలో డాక్టరుకూ వంచలేదు, పొలంలో పని చేయించే సర్దారుకూ వంచలేదు. అక్షరానికి వంగాను. మడమ కింది బూడిద తీసి కళ్ళకద్దుకుని, ఆ అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలని పిల్ల గుర్తు చేసింది. ఆవు అన్నాను. పక్కకు తప్పుకున్నాను. ఎదురు గదామె చీర ఎగదోపుకుని వచ్చి వరసలో నిలబడింది.

మాటల దగ్గర మాత్రం రోజూ తగువే. పిల్లలు సగం హిందుస్తానీలో పెరిగారు. గ గడి దగ్గర పిల్ల "గన్నా" అని అరిచి దాటేసింది.

"అది తెలుగు కాదు. చెరకు అనాలి, దానికి చ వస్తుంది. గ కి ఇంకో మాట చెప్పు."

"గన్నా కూడా గ యే గదమ్మగోరూ," అంది వాళ్ళమ్మ. "పొద్దంతా దాని మద్దెనే ఉంటన్నాం. దాన్నొద్దంటే ఎలాగ?"

గన్నాను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న మర్నాడే ఇంకో పిల్లవాడు బ దగ్గర "బూలా" అన్నాడు. కొండ దిగి దుంపలు అమ్మకానికి తెచ్చే ఫిజీవాళ్ళు ఎదురైనప్పుడు నవ్వి పలకరించే మాట అది. ఒకసారి తలుపు తెరిచాక ఏం చేస్తాం? దాన్నీ ఒప్పుకున్నాను.

ఆట అయ్యాక అక్షరాన్ని నేల మీద వదలడం కుదరదు. చీకట్లో ఎవరి కాలు పడుతుందో తెలియదు. చీపురుతో ఊడవడమూ కుదరదు. పక్క గదామె గడి పక్కన గొంతుక్కూర్చుని, చూపుడువేలితో అక్షరం ఒంపు వెంబడే బూడిదను దోసిట్లోకి లాగి, కళ్ళకద్దుకుని, సీమపనస మొదట్లో పోసేది. అక్షరం ఎంత వంకరగా ఉంటే అంత వంకరగా వేలు తిప్పేది. ఒక్క రేణువు వదలదు. మర్నాడు నేను కొత్తగా వేసేదాన్ని. నేను వేయడం, ఆమె ఎత్తడం, అలా అక్షరాలు ఒక్కొక్కటే గడిచాయి.

వానాకాలం దాటేసరికి నాకు జ్వరం పట్టింది. ఎస్టేటు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అక్కడున్నన్నాళ్ళూ నా బెంగ ఒకటే. వేసేవాళ్ళు లేరు, ఆట ఆగిపోయి ఉంటుంది, కోత కాలం దగ్గర పడుతోంది, పిల్ల సగం అక్షరాలతో బులిలేకా వెళ్ళిపోతుంది. మావారు చూడటానికి వస్తే అదే అడిగాను.

"నాకేం తెలుసు? సాయంత్రం ఇంటికొస్తే కేకలు మాత్రం అలాగే ఉన్నాయి," అన్నారు ఆయన.

తిరిగి వచ్చిన సాయంత్రం మావారి చెయ్యి పట్టుకుని నడుస్తూ చెట్టు దగ్గర ఆగిపోయాను. గడిలో ఒక అక్షరం సగం ఉంది. పక్క గదామె కూర్చుని రెండు వేళ్ళ మధ్య నుంచి బూడిద వదులుతోంది. చెయ్యి వణకడం లేదు. కాని నేను ఆపే చోట ఆమె మొదలుపెట్టింది. వెనక్కి వెనక్కి వెళ్ళి, నేను మొదలుపెట్టే చోట ఆపింది.

"అదేమిటే, చివర్నించి వేస్తున్నావు?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఒచ్చేసినారా అమ్మగోరూ! ఇటుకాడ్నించే గదా నేను ఎత్తీది. ఎత్తిన దారిలోనే పోస్తన్నాను."

"ఎత్తడం వేరు, రాయడం వేరు. అక్షరానికి మొదలంటూ ఒకటి ఉంటుంది."

ఆమె వంగి అక్షరాన్ని చూసింది. "మీరేసిందానికీ దీనికీ ఏటైనా తేడా కనపడతందా?"

కనపడలేదు. అదే నాకు కష్టంగా ఉండింది. ఇన్నాళ్ళూ నేను ఆమె కూతురికి చెబుతున్నానని అనుకున్నాను. వేలితో ఎత్తి ఎత్తి ఈమెకు వచ్చేసింది, తిరగేసి వచ్చింది.

కొన్నాళ్ళు సరిచేయాలని చూశాను. నేను నిలబడి ఉంటే మొదటి నుంచి వేసేది. వెనక్కి తిరగ్గానే ఆమె చెయ్యి చివరికి పోయేది. పిల్ల కూడా పుల్లతో నేల మీద అలాగే రాస్తోంది. కోత మొదలైంది. మిల్లు కూత రాత్రీ పగలూ వినపడుతోంది. ఉన్న రోజుల్లో ఆమె చేతిని తిప్పాలా, మిగిలిన అక్షరాలు చెప్పాలా? మా తాతగారైతే చేతిని తిప్పేవారు. నేను మిగిలిన అక్షరాలు చెప్పాను.

వాళ్ళు బులిలేకా వెళ్ళే పొద్దున బండిలో సామాను సర్దుకుంటుండగా పళ్ళెం తీసుకుని వెళ్ళాను. తోమిన వెండి, అందులో మా రేషన్ బియ్యం. వీధిలోనే చాప వేయించి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఈసారి నిద్రపోలేదు. వేలు పట్టుకుని అక్షరం మొదలున్న చోటికి తీసుకెళ్ళాను. పిల్ల నా వేలిని మెత్తగా లాగి రెండో కొసకు తెచ్చుకుంది. చిన్న వేలు, బలంగా పట్టుకుంది. నేను లాగలేదు. నా వేలు దాని వేలి వెంట వెళ్ళింది. ముత్తాతగారి హంసల మధ్య, మా ఇంట్లో ఎవ్వరూ ఎన్నడూ రాయని దారిలో, గుండ్రంగా, తప్పు లేకుండా అ వచ్చింది.

వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుని పళ్ళెంలోకి తొంగి చూసింది.

"అప్పా, ఈ బియ్యం ఇప్పుడు వొండుకోవచ్చునా?"

అప్పా అంది. అక్కను వాళ్ళ వైపు అలాగే పిలుస్తారు. నేను సరిచేయలేదు.

"మూట కట్టుకో. దిగంగానే వండి పిల్లకు పెట్టు," అన్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో మావారికి మిల్లు పని లేని రోజున బులిలేకా వెళ్ళాం. చెరకు గట్ల మీద, మోకాళ్ళ దాకా బురద. వాళ్ళ ఇంటి వాకిట్లో గళ్ళు ఉన్నాయి. చుట్టుపక్కల పొలాల నుంచి ఐదారుగురు ఆడవాళ్ళు పిల్లలతో వచ్చి ఉన్నారు. ఆమె మధ్యలో గొంతుక్కూర్చుని బూడిద పోస్తోంది. ఆమెను చూసి మిగతా తల్లులు పోస్తున్నారు, అందరూ చివర్నించే. కూతురు, నడుం మీద చేతులు పెట్టుకుని, వాళ్ళలో ఒకామెను గద్దిస్తోంది.

"అవుటు! పిన్నీ, కళ్ళకద్దుకో!"

ఆట సగంలో ఉండగా వాన వచ్చింది. గళ్ళు, అక్షరాలు, అన్నీ ఒక్క క్షణంలో కరిగి కాలువ కట్టాయి. ఆడవాళ్ళు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక, అక్షరం కలిసిన నీళ్ళని తొక్కలేక, ఉన్నచోటే ఒంటికాలి మీద నిలబడిపోయారు. తరవాత నవ్వులు. పక్క గదామె మాత్రం నవ్వలేదు. అలా ఎందుకు పిలుస్తున్నానో, ఆమె ఇప్పుడు నాకు పక్క గదామె కాదు. ఇంట్లోకి వచ్చి తల తుడుచుకుంటూ మెల్లగా చెప్పింది.

"ఏడాదిలో సగం ఇంతే అప్పా. వాన తగ్గీసరికి తల్లులు మర్సిపోతారు. నేను కూడా రెండచ్చరాలు మర్సిపోనాను. మల్లా అన్నీ పోతాయేమోనని బయ్యంగా ఉంటంది."

నన్ను ఏమీ అడగలేదు.

ఇప్పటికీ బులిలేకాలో కొందరు ముసలివాళ్ళు అ ని చివర్నించి రాస్తారు. చూసినప్పుడల్లా నా చెయ్యి సరిచేయడానికి లేస్తుంది. ఒళ్ళో పెట్టేసుకుంటాను.

ఆ ఏడు వాన తెరిపిచ్చాక వాళ్ళ వాకిట్లో గుంజలు పాతి, గళ్ళ మీద రేకుల పందిరి వేయించాం. ఆ రేకుల కోసం మా ముత్తాతగారి వెండి పళ్ళేన్ని లబాసాలో ఒక కంసాలికి తూకానికి అమ్మాను.